సముద్రంలో దిగే ముందు: డైవింగ్ మాస్కుకు పవర్ అద్దాలు ఎంచుకోవడం ఎలా?

"డాక్టరు గారూ, మా అబ్బాయికి సైటు ఉంది. స్నేహితులతో అండమాన్ వెళ్తున్నాడు, సముద్రం అడుగుకు దిగి చూస్తారట. కళ్లజోడు లేకుండా ఎలాగండీ?"

ఇలాంటి ప్రశ్నలు ఇప్పుడు కంటి ఓ.పి.లో కొత్తేమీ కాదు. స్కూబా డైవింగ్ ఒకప్పుడు నౌకాదళం వాళ్లకు, సినిమా వాళ్లకు సంబంధించిన సంగతిగా ఉండేది. ఈ రోజుల్లో విశాఖపట్నం దగ్గర ఋషికొండలోనే నేర్పించేవాళ్లు ఉన్నారు. అండమాన్‌లోని స్వరాజ్ ద్వీప్‌కు (2018 వరకు దీని పేరు హావ్‌లాక్) మన ప్రాంతం నుండి కొత్తగా పెళ్లయినవాళ్లు, కాలేజీ పిల్లలు, రిటైరైన ఉద్యోగులు కూడా వెళ్తున్నారు. గల్ఫ్ దేశాల్లో పని చేసే మన పిల్లలు కొందరు అక్కడే ఈ విద్య నేర్చుకుంటున్నారు.

సైటు ఉన్నవాళ్లు డైవింగ్ చేయవచ్చా అంటే, చాలామంది చేయవచ్చు. అయితే కళ్లజోడు పెట్టుకుని కాదు. అలాగని కళ్లజోడు తీసేసి మసక చూపుతో దిగడం కూడా మంచిది కాదు. మాస్కుకే మీ పవర్ అమర్చుకునే మార్గాలు ఉన్నాయి. వాటిలో ఏది ఎవరికి సరిపోతుందో ఈ వ్యాసంలో వివరిస్తాము.

నీళ్లలో కన్ను తెరిస్తే ఎందుకు మసకగా ఉంటుంది?

చెరువులో మునిగి కళ్లు తెరిచిన వారికి తెలుసు, ఏదీ స్పష్టంగా కనిపించదు. సైటు లేనివారికీ అంతే. దీనికి కారణం కంటి ముందు భాగంలో గడియారపు అద్దంలా ఉండే కార్నియా. వెలుతురు గాలిలోనుండి కార్నియాలోకి వచ్చేటప్పుడు వంగుతుంది. అలా వంగడం వల్లనే కంటి వెనుక ఉన్న రెటీనా మీద బొమ్మ స్పష్టంగా పడుతుంది. కంటికి ఉన్న మొత్తం శక్తి సుమారు 60 డయాప్టర్లయితే, అందులో 40కి పైగా కార్నియాదే.

నీళ్లలో ఈ శక్తి దాదాపు అంతా పోతుంది. వెలుతురును వంచే గుణంలో నీటికి, కార్నియాకు తేడా చాలా తక్కువ. అందుచేత వెలుతురు నీటిలోనుండి కార్నియాలోకి వంగకుండానే వెళ్లిపోతుంది. కంటి లోపల ఉన్న లెన్సు ఒక్కటే ఆ లోటు తీర్చలేదు.

ఇక్కడొక ఆసక్తికరమైన విషయం. థాయ్‌లాండ్ వైపు అండమాన్ సముద్రంలో మోకెన్ అనే సముద్ర సంచార జాతి ఉంది. వారి పిల్లలు మాస్కు లేకుండానే నీటి అడుగున ఆహారం ఏరుకుంటారు. స్వీడన్ పరిశోధకులు వీరిని పరీక్షించి 2003లో వివరాలు ప్రచురించారు. ఈ పిల్లలు నీటిలో యూరప్ పిల్లలకంటే రెండింతలకు పైగా సూక్ష్మంగా చూడగలుగుతున్నారు. కంటిపాపను బాగా చిన్నది చేసుకుని, కంటి లెన్సును పూర్తిగా బిగించి చూడటం వారికి అలవాటైంది. అయినా గాలిలో చూసినంత స్పష్టత వారికి కూడా రాదు.

మాస్కు చేసే పని ఏమిటంటే, కంటికి ముందు కొంచెం గాలిని నిలిపి ఉంచడం. గాలి ఉంటే కార్నియా మామూలుగా పని చేస్తుంది. సైటు లేనివారికి అంతా స్పష్టంగా కనిపిస్తుంది. సైటు ఉన్నవారికి మాత్రం ఒడ్డు మీద కళ్లజోడు తీసేస్తే ఎలా ఉంటుందో, నీటి లోపల కూడా దాదాపు అలాగే ఉంటుంది.

"నీళ్లలో అన్నీ పెద్దగా కనిపిస్తాయి కదా, పవర్ ఎందుకు?"

ఈ మాటలో సగం నిజం ఉంది. మాస్కు అద్దంలోనుండి చూస్తే నీటిలోని వస్తువులు మూడింట ఒక వంతు పెద్దవిగా కనిపిస్తాయి. 4 మీటర్ల దూరంలో ఉన్న చేప 3 మీటర్లలో ఉన్నట్టు తోస్తుంది. కానీ పెద్దగా కనిపించడం వేరు, స్పష్టంగా కనిపించడం వేరు. మైనస్ 1.00 సైటు ఉన్నవారికి ఒడ్డున ఒక మీటరు వరకు స్పష్టంగా కనిపిస్తే, నీటిలో అది సుమారు మీటరున్నర లోపే. మైనస్ 4.00 ఉన్నవారికి ఒడ్డున 25 సెంటీమీటర్లు, నీటిలో సుమారు 33 సెంటీమీటర్లు. అంటే చేయి చాపినంత దూరం కూడా కాదు.

అందుచేత చాలా తక్కువ పవర్ ఉన్నవారు, అంటే మైనస్ 0.50, 0.75 వరకు ఉన్నవారు, సాదా మాస్కుతో సర్దుకోగలరు. అంతకు మించితే పవర్ గురించి ఆలోచించాలి.

ఇది అందం చూడటానికి మాత్రమే కాదు

రంగు రంగుల చేపలు సరిగ్గా కనిపించకపోతే డబ్బు దండగ, అంతే కదా అని కొందరు అనుకుంటారు. అసలు విషయం అది కాదు. నీటి లోపల చూపు మీదనే మన క్షేమం ఆధారపడి ఉంటుంది.

మొదటిది, గేజి. సిలిండరులో గాలి ఎంత మిగిలి ఉంది, ఎంత లోతులో ఉన్నాము అనేవి గేజి మీద, లేదా చేతికి కట్టుకున్న డైవ్ కంప్యూటరు మీద చదువుకోవాలి. ఆ అంకెలు కనిపించకపోతే గాలి అయిపోతున్నట్టు తెలియదు.

రెండవది, చేతి సైగలు. నీటి లోపల మాటలు లేవు. అన్నీ సైగలే. బొటనవేలు పైకెత్తితే మనం "బాగుంది" అనుకుంటాము. డైవింగ్‌లో దాని అర్థం "పైకి వెళ్దాం" అని. బాగుంది అని చెప్పడానికి చూపుడు వేలు, బొటనవేలు కలిపి సున్నా చుట్టాలి. ఈ రెండిటికీ తేడా తెలియనంత మసకగా ఉంటే ఎంత ప్రమాదమో ఆలోచించండి.

మూడవది, పైకి తేలిన తరువాత మీ పడవ ఏదో, మీవాళ్లు ఎక్కడున్నారో చూసుకోగలగాలి.

కళ్లజోడు, ఈత గాగుల్స్ ఎందుకు పనికిరావు?

మాస్కు అంచున మెత్తని సిలికాన్ పట్టీ ఉంటుంది. అది చర్మానికి అన్ని వైపులా అతుక్కుని ఉంటేనే నీళ్లు లోపలికి రావు. కళ్లజోడు కాడలు ఆ పట్టీ కిందుగా వెళ్తే అక్కడినుండి నీళ్లు కారుతూనే ఉంటాయి.

పవర్ ఉన్న ఈత గాగుల్స్ బజారులో చవకగా దొరుకుతాయి. అవి ఈతకొలనుకు మంచివే. డైవింగ్‌కు మాత్రం వాడకూడదు. నీటిలో 10 మీటర్ల లోతుకు వెళ్లేసరికి పీడనం రెండింతలవుతుంది, మూసి ఉన్న గాలి సగానికి కుంచించుకుపోతుంది. మాస్కులో ముక్కు కూడా లోపలే ఉంటుంది కాబట్టి ముక్కు ద్వారా కొంచెం గాలి వదిలి ఆ లోటు సరిచేసుకోవచ్చు. గాగుల్స్‌లో ముక్కు బయట ఉంటుంది. గాలి వదిలే దారి లేదు. అప్పుడు అది కళ్లను కప్పు పెట్టి పీల్చినట్టు బయటికి లాగుతుంది. కనురెప్పలు వాచి, తెల్లగుడ్డు మీద రక్తం చిమ్మినట్టు ఎర్రబడుతుంది.

ముందు మాస్కు, తరువాతే అద్దాలు

చాలామంది మొదట పవర్ గురించి అడుగుతారు. కానీ ముఖానికి సరిపోని మాస్కుకు ఎంత మంచి అద్దాలు వేయించినా ప్రయోజనం లేదు. కాబట్టి ముందు మాస్కు ఎంచుకోండి.

1. బెల్టు తగిలించకుండా మాస్కును ముఖానికి ఆనించి, ముక్కుతో మెల్లగా గాలి పీల్చండి. చేయి వదిలినా మాస్కు పడిపోకుండా ఉంటే అది మీ ముఖానికి సరిపోయినట్టే. వెంట్రుకలు పట్టీ కింద లేకుండా చూసుకోండి. గుబురు మీసం ఉన్నవారికి కొద్దిగా నీరు కారవచ్చు.

2. అద్దం మీద టెంపర్డ్ అనే మాట ఉందో లేదో చూడండి. ఇది గట్టిపరచిన గాజు. పగిలినా పదునైన పెంకులుగా కాకుండా చిన్న చిన్న ముక్కలుగా రాలుతుంది.

3. పవర్ కావలసినవారికి రెండు కళ్లకూ విడివిడిగా అద్దాలు ఉన్న మాస్కు అనుకూలం. ఒకే పెద్ద అద్దం ఉన్న మాస్కులకు రెడీమేడ్ పవర్ అద్దాలు మామూలుగా ఉండవు.

4. అద్దం కంటికి దగ్గరగా ఉండే చిన్న మాస్కు మేలు. ఎందుకో కింద చెబుతాము.

పవర్ అమర్చుకునే నాలుగు మార్గాలు

మొదటిది: రెడీమేడ్ పవర్ అద్దాలు. కొన్ని కంపెనీల మాస్కులలో సాదా అద్దం తీసి, దాని స్థానంలో పవర్ ఉన్న అద్దం బిగించవచ్చు. ఇవి సాధారణంగా 0.50 తేడాతో వస్తాయి: మైనస్ 2.00, 2.50, 3.00 ఇలాగ. కుడి కంటికి ఒక పవర్, ఎడమ కంటికి మరొక పవర్ వేసుకోవచ్చు. ఖర్చు తక్కువ, త్వరగా దొరుకుతాయి. అయితే ఒక మోడల్ అద్దం మరో మోడల్‌కు పట్టదు. వీటిలో సిలిండర్ పవర్ ఉండదు. ఎక్కువమందికి ఇదే సరిపోతుంది.

రెండవది: అతికించి చేయించే అద్దాలు. మీ చీటీ ప్రకారం ప్రత్యేకంగా అద్దాలు తయారు చేసి, మాస్కు అద్దం లోపలి వైపు పారదర్శకమైన జిగురుతో అతికిస్తారు. సిలిండర్ ఎక్కువ ఉన్నవారికి, పవర్ బాగా ఎక్కువ ఉన్నవారికి, పైన దూరానికి, కింద దగ్గరకు రెండు పవర్లు కావలసినవారికి ఇది మంచిది. ఖర్చు ఎక్కువ, సమయం పడుతుంది. ఈ పని తెలిసినవారి చేతనే చేయించాలి.

ఇక్కడొక ముఖ్యమైన సంగతి. మాస్కు అద్దం బయటి వైపు ఎప్పుడూ చదునుగానే ఉండాలి, పవరంతా లోపలి వైపు, గాలి ఉన్న వైపే ఉండాలి. మామూలు కళ్లద్దంలా బయటి వైపు ఉబ్బెత్తుగా ఉంటే, నీరు తగలగానే ఆ ఉబ్బుకున్న పవర్ చాలా భాగం పోతుంది. ఒడ్డున ఒక రకంగా, నీటిలో మరో రకంగా కనిపిస్తుంది. చదునుగా ఉంటే రెండు చోట్లా పవర్ ఒకటే.

మూడవది: దగ్గర చూపు ముక్కలు. నలభై దాటి చత్వారం వచ్చినవారిలో కొందరికి దూరం బాగానే కనిపిస్తుంది, గేజి మీద అంకెలే కనిపించవు. వీరికి ప్లస్ పవర్ ఉన్న చిన్న మెత్తని ప్లాస్టిక్ ముక్కలు దొరుకుతాయి. మాస్కు అద్దం లోపల కింది భాగంలో నీటి తడితో అంటించుకోవచ్చు. కొన్ని మాస్కులకు పైభాగం సాదాగా, కింది భాగం ప్లస్ పవర్‌గా ఉండే రెడీమేడ్ అద్దాలు కూడా ఉన్నాయి.

నాలుగవది: కాంటాక్ట్ లెన్సులు. ఇప్పటికే కాంటాక్ట్ లెన్సులు అలవాటు ఉన్నవారు మెత్తని లెన్సులు పెట్టుకుని సాదా మాస్కుతో దిగవచ్చు. పైకి వచ్చాక కూడా చూపు బాగుంటుంది. గట్టి లెన్సులు మాత్రం వద్దు. పైకి వచ్చేటప్పుడు గట్టి లెన్సు కింద గాలి బుడగలు చేరి చూపు మసకబారి, కార్నియాకు ఇబ్బంది కలగవచ్చు.

మెత్తని లెన్సుల విషయంలోనూ జాగ్రత్త అవసరం. మాస్కులోకి నీళ్లు రావడం, వాటిని ఊదేయడం డైవింగ్ శిక్షణలో భాగమే. అప్పుడు కళ్లు మూసుకోకపోతే లెన్సు కొట్టుకుపోతుంది. అంతకంటే పెద్ద సమస్య, నీటిలోని క్రిములు లెన్సు కింద చేరడం. అకాంతమీబా అనే సూక్ష్మజీవి కుళాయి నీటిలో, కొలనులో, సముద్రంలో కూడా ఉంటుంది. అది కార్నియాకు సోకితే నెలల తరబడి చికిత్స అవసరమవుతుంది, చూపు దెబ్బతినవచ్చు. కాబట్టి ఒక రోజు వాడి పారేసే లెన్సులే వాడండి. డైవింగ్ అయ్యాక చేతులు శుభ్రంగా కడిగి తుడుచుకుని, లెన్సులు తీసి పారేయండి. వాటిని కుళాయి నీటితో కడిగి మళ్లీ పెట్టుకోకండి. కన్ను ఎర్రబడి, నొప్పి, వెలుతురు చూడలేకపోవడం ఉంటే ఆలస్యం చేయకుండా కంటి డాక్టరుకు చూపించండి. కేవలం ఒక్క రోజు విహారం కోసం మొదటిసారి కాంటాక్ట్ లెన్సులు మొదలుపెట్టవద్దని మా సలహా.

మీ చీటీలోని అంకెలు మాస్కుకు ఎలా మారుతాయి?

కళ్లజోడు చీటీలోని అంకెలను ఉన్నవి ఉన్నట్టు మాస్కు దుకాణంలో చెప్పేస్తే ఒక్కోసారి సరిపోదు. మూడు విషయాలు గమనించాలి.

సిలిండర్: ఇది గాలి సిలిండరు కాదు, చీటీలో రెండవ గడిలో రాసే పవర్. రెడీమేడ్ అద్దాలలో ఇది ఉండదు కనుక, సిలిండర్‌లో సగం తీసి మొదటి పవర్‌కు కలుపుతారు. ఉదాహరణకు మైనస్ 3.00, సిలిండర్ మైనస్ 1.00 అయితే, సగం 0.50 కలిపి మైనస్ 3.50 తీసుకోవచ్చు. సిలిండర్ 1.50 దాటితే ఈ సర్దుబాటు చాలామందికి తృప్తిగా ఉండదు. వారు అతికించే అద్దాల గురించి ఆలోచించాలి.

కంటికి, అద్దానికి మధ్య దూరం: కళ్లజోడు అద్దం కంటికి సుమారు 12 మిల్లీమీటర్ల దూరంలో ఉంటుంది. మాస్కు అద్దం అంతకంటే ముందుకు ఉంటుంది. మైనస్ అద్దం కంటికి దూరమయ్యేకొద్దీ దాని ప్రభావం తగ్గుతుంది, ప్లస్ అద్దం ప్రభావం పెరుగుతుంది. తక్కువ పవర్‌లో ఈ తేడా లెక్కలోకి రాదు. మైనస్ 3.00 ఉన్నవారికి 13 మిల్లీమీటర్లు ముందుకు జరిపినా 3.12 చాలు. కానీ మైనస్ 8.00 ఉన్నవారికి అదే దూరానికి దాదాపు మైనస్ 9.00 కావాలి. అందుకే కంటికి దగ్గరగా ఉండే మాస్కు మేలని చెప్పాము. పవర్ 4.00 దాటినవారు ఈ లెక్క కంటి పరీక్ష చేసేవారి చేత వేయించుకోవాలి. కాంటాక్ట్ లెన్సుకు ఈ లెక్క తిరగబడుతుంది. అది కంటి మీదే ఉంటుంది కనుక మైనస్ 8.00 కళ్లజోడు ఉన్నవారికి సుమారు మైనస్ 7.25 లెన్సు సరిపోతుంది.

మధ్యలో పడే అంకెలు: మీకు మైనస్ 3.75 కావాలి, దుకాణంలో 3.50, 4.00 మాత్రమే ఉన్నాయి. ఏది తీసుకోవాలి? సాధారణంగా తక్కువదే, అంటే 3.50. మైనస్ అవసరానికి మించితే కన్ను శ్రమపడుతుంది, నలభై దాటినవారికి గేజి చదవడం మరింత కష్టమవుతుంది. నీటిలో ఎలాగూ చాలా దూరం కనిపించదు కాబట్టి కొద్దిగా తగ్గినా నష్టం లేదు. మైనస్ 2.00 సైటుతోపాటు చత్వారం మొదలైనవారికి మైనస్ 1.50 వేస్తే దూరం, దగ్గర రెండూ సర్దుకోవడం మేము చూస్తుంటాము.

అతికించే అద్దాలకు మరో కొలత కూడా కావాలి. అది రెండు కంటిపాపల మధ్య దూరం, దీన్నే పి.డి. అంటారు. మామూలు చీటీలలో ఇది చాలాసార్లు రాయరు. అడిగి రాయించుకోండి.

దిగే ముందు డాక్టరు అనుమతి ఎవరికి అవసరం?

మైనస్ 6.00 కంటే ఎక్కువ సైటు ఉన్నవారి రెటీనా పలుచగా ఉండవచ్చు. చుక్కల మందు వేసి రెటీనా పరీక్ష చేయించుకున్నాకే వెళ్లండి.

లేసర్ పద్ధతిలో సైటు తీయించుకున్నవారు (లాసిక్) కనీసం ఒక నెల ఆగాలి. కంటిశుక్లం ఆపరేషన్ అయినవారు గాయం మానడాన్ని బట్టి ఒకటి, రెండు నెలలు ఆగాలి. కార్నియా మార్పిడి అయినవారికి కనీసం ఆరు నెలలు. నీటికాసుల ఆపరేషన్ అయినవారు, చాలా ఏళ్ల క్రితం కార్నియా మీద గాట్లు పెట్టి సైటు తీసే పాత ఆపరేషన్ చేయించుకున్నవారు తప్పనిసరిగా ముందు చూపించుకోవాలి. ఏ ఆపరేషన్ అయినా, చేసిన డాక్టరు మాటే చివరి మాట.

రెటీనా ఆపరేషన్‌లో కంటిలో గ్యాస్ నింపినవారు ఆ గ్యాస్ పూర్తిగా పోయేవరకు డైవింగ్ చేయకూడదు, విమానం కూడా ఎక్కకూడదు. పీడనం మారితే ఆ గ్యాస్ పరిమాణం మారి చూపు శాశ్వతంగా పోయే ప్రమాదం ఉంది.

డైవింగ్ తరువాత తెల్లగుడ్డు మీద నొప్పి లేని ఎర్రటి మచ్చ మాత్రమే ఉంటే అది సాధారణంగా రెండు వారాల్లో పోతుంది. కానీ ఒకటి రెండుగా కనిపించడం, చూపు తగ్గడం, కంటినొప్పి, తిమ్మిరి, తల తిరగడం ఉంటే వెంటనే ఆసుపత్రికి వెళ్లి, డైవింగ్ చేసిన సంగతి మొదటే చెప్పండి.

మాస్కు సంరక్షణ

కొత్త మాస్కు అద్దం మీద పలుచని పొర ఉండి ఆవిరి పడుతుంది. సాదా గాజుకైతే కొద్దిగా టూత్‌పేస్టుతో లోపల రుద్ది కడుగుతారు. అతికించిన పవర్ అద్దాలను, ప్లాస్టిక్ ముక్కలను ఇలా రుద్దితే గీతలు పడతాయి. వాటికి నీళ్లలో కలిపిన పిల్లల షాంపూ ఒక చుక్క చాలు, తరువాత బాగా కడిగేయాలి. ప్రతిసారీ మంచినీటితో కడిగి నీడలో ఆరబెట్టండి. ఎండలో, కారులో వదిలేయకండి.

ప్రయాణానికి ముందు చేయవలసినవి

ఏడాదికంటే పాత చీటీని నమ్ముకోకండి. ప్రయాణానికి నెల ముందే కంటి పరీక్ష చేయించుకుని, "మాస్కు కోసం" అని ప్రత్యేకంగా చెప్పి పవర్ రాయించుకోండి. మాస్కు ఇప్పటికే కొని ఉంటే వెంట తీసుకురండి. అది ముఖానికి పెట్టి చూస్తే అద్దం ఎంత దూరంలో ఉందో కొలవవచ్చు. ఒక్కసారి మాత్రమే దిగేవారు కొనవలసిన పని లేదు. కొన్ని డైవింగ్ కేంద్రాలలో పవర్ మాస్కులు అద్దెకు ఉంటాయి. ముందే ఫోను చేసి మీ రెండు కళ్ల పవర్ చెప్పి, ఉన్నదో లేదో కనుక్కోండి. అక్కడికి వెళ్లాక అడిగితే మీ పవర్ దొరకకపోవచ్చు. దిగే ముందు లోతు లేని నీటిలో ఒకసారి మాస్కు పెట్టుకుని, చేయి చాపి గేజి అంకెలు చదివి చూడండి. అవి చదవలేకపోతే ఆ రోజుకు దిగకండి.

మీ మామూలు కళ్లజోడు పెట్టెలో పెట్టి పడవలో ఉంచడం మరచిపోకండి. పైకి వచ్చాక ముందు కావలసింది అదే.